కోపం వచ్చిందని తెలిస్తే సరిపోతుందా?

ఎరుకను నిలపడం గురించి బుద్ధుడు ఇచ్చిన ఉపదేశం సతిపట్ఠాన సుత్తం. సుత్తం అంటే ఉపదేశం. అందులో కోపం గురించి ఆయన చెప్పిన మాట చాలా చిన్నది. మనసు ద్వేషంతో ఉంటే ద్వేషంతో ఉందని భిక్షువు తెలుసుకుంటాడు. ద్వేషం లేకపోతే లేదని తెలుసుకుంటాడు. అక్కడితో ఆ మాట అయిపోతుంది. కోపం తప్పు అనలేదు, వెంటనే మానెయ్యమనలేదు, ఎందుకొచ్చిందో తవ్వి తీయమనలేదు. అదే సుత్తంలో ఇంకొంచెం ముందుకు వెళ్తే మాత్రం వరస మారుతుంది. ధ్యానానికి అడ్డుపడే ఐదు నీవరణాల గురించి చెప్పేచోట వ్యాపాదం, అంటే ఎదుటివాడికి చెడు జరగాలనే తలపు, లోపల ఉంటే ఉందని తెలుసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. లేనిది ఎలా పుడుతుందో, పుట్టింది ఎలా పోతుందో, పోయింది మళ్లీ రాకుండా ఎలా ఉంటుందో కూడా తెలుసుకోవాలంటుంది సుత్తం.

ఒకచోట ఊరికే చూడమన్నట్టు, ఇంకోచోట వదిలించుకోమన్నట్టు కనిపించే ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఇవాళ మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో వినిపించే సలహాల్లో ఇంత గందరగోళం. "ఏదొచ్చినా చూస్తూ ఉండు, జడ్జ్ చెయ్యకు" అని ఒకరంటారు. "చెడు ఆలోచనలు దగ్గరికి రానివ్వకు, పాజిటివ్‌గా ఉండు" అని మరొకరు. రెండూ బుద్ధుడి పేరు మీదే చలామణీ అవుతున్నాయి. బుద్ధుడి ఉపదేశాలను పాళి భాషలో భద్రపరిచిన గ్రంథాలు మాత్రం ఈ రెంటిలో దేన్నీ పూర్తిగా ఒప్పుకోవు. వాటిలో చూడటానికి ఒక చోటుంది, అడ్డుకోవడానికి ఒక సమయముంది. ఏది ఎప్పుడో తెలియడమే సాధన.

ఆ ఉపదేశాల సంపుటాలను నికాయాలంటారు. సతిపట్ఠాన సుత్తం మజ్ఝిమ నికాయంలో 10వది. దాన్నే ఇంకొంత విస్తరించి మహాసతిపట్ఠాన సుత్తంగా దీఘ నికాయంలో 22వదిగా చేర్చారు. కురు దేశంలోని కమ్మాసదమ్మ పట్టణంలో ఇచ్చిన ఉపదేశం ఇది. గమనించాల్సినవి నాలుగు: దేహం, వేదన, చిత్తం, ధమ్మాలు. ఇక్కడ వేదన అంటే బాధ ఒక్కటే కాదు. సుఖంగా తోచేదీ, అటూ ఇటూ కానిదీ కూడా వేదనే. ధమ్మాల కింద నీవరణాలు, పంచస్కంధాలు (మనిషి అనుకునేదాన్ని విడదీసిన ఐదు భాగాలు), ఆరు ఆయతనాలు (మనసుతో కలిపి ఇంద్రియాలు, వాటి విషయాలు), ఏడు బోధ్యంగాలు (జ్ఞానోదయానికి తోడ్పడే గుణాలు), నాలుగు ఆర్యసత్యాలు వస్తాయి.

దేహం గురించిన భాగంలో ముందుగా కనిపించేది దాని మామూలుతనం. ఊపిరి పొడుగ్గా తీసుకుంటే పొడుగ్గా తీసుకుంటున్నానని తెలుసుకోవాలి, పొట్టిగా తీసుకుంటే పొట్టిగా అని. పొడిగించమనీ, బిగబట్టమనీ లేదు. ప్రాణాయామానికీ దీనికీ దారులు వేరయ్యేది ఇక్కడే. ఆ తర్వాత నడవడం, వెనక్కి రావడం, చెయ్యి చాచడం, ముడుచుకోవడం, చీవరం (భిక్షువు వస్త్రం) కట్టుకోవడం, తినడం, నమలడం, మలమూత్ర విసర్జన, నిద్రపోవడం, లేవడం, మాట్లాడటం, మాట్లాడకుండా ఉండటం. ఎరుక అక్కర్లేదని వదిలేసిన పని ఆ వరసలో ఒక్కటీ లేదు.

ఊపిరిని గమనించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం "శ్వాస మీద ధ్యాస" అనే మాటను ఊరూరా తిప్పింది. ఆనాపానసతి అన్న పాళి పదం పల్లెల్లో కూడా వినబడుతోందంటే దానివల్లే. అయితే మజ్ఝిమ నికాయంలోని 118వ సుత్తంలో ఆనాపానసతి 16 మెట్ల సాధన. ఊపిరి పొడవూ పొట్టీ తెలుసుకోవడం అందులో మొదటి రెండు మెట్లు. దేహం నెమ్మదించాక ప్రీతినీ సుఖాన్నీ, ఆపైన మనసునూ, చివరి నాలుగు మెట్లలో అనిత్యతనూ, విరాగాన్నీ (మోజు తగ్గడం), నిరోధాన్నీ (ఆగిపోవడం), వదిలేయడాన్నీ గమనిస్తారు. ఊపిరి అక్కడ మొదటి నుంచి చివరి దాకా తోడుంటుంది, గమ్యం మాత్రం కాదు. ఐదు నిమిషాలు ఊపిరి చూసుకుని టెన్షన్ తగ్గిందని లేచిపోవడం మంచిదే. కానీ అది ఆ సుత్తం మొదటి పేజీ కూడా దాటలేదు.

సతిపట్ఠాన సుత్తంలో నాలుగింటికీ వర్తించే మాటలు మూడున్నాయి. గమనించేవాడు ఆతాపిగా, సంపజానుడిగా, సతిమంతుడిగా ఉండాలి. ఆతాపి అంటే పట్టు వదలనివాడు. సతిమంతుడు అంటే ఎరుక ఉన్నవాడు. మధ్యలో ఉన్న సంపజాన గుణమే ఇవాళ్టి ప్రచారంలో ఎక్కువగా జారిపోతోంది. చేస్తున్నది ఏమిటో స్పష్టంగా తెలిసి ఉండటం అది. సుత్తాలకు పాత వ్యాఖ్యానాలైన అట్ఠకథలు దీన్ని నాలుగు రకాలుగా విడదీశాయి. మొదటిది, ఈ పనివల్ల ప్రయోజనం ఉందా అని చూసుకోవడం. రెండోది, ప్రయోజనం ఉన్నా ఇప్పుడు ఇక్కడ తగునా అని చూసుకోవడం. ఆ తర్వాతే ధ్యాన విషయాన్ని వదలకపోవడం, భ్రమపడకపోవడం. మంచిచెడ్డల విచక్షణ అక్కర్లేని ఉత్త చూపు బౌద్ధ సంప్రదాయంలో లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు. తీర్పు చెప్పకుండా చూడటం అనేది ఒక్క క్షణానికి సంబంధించిన పద్ధతి. జీవితమంతటికీ అదే వైఖరి కావాలని కాదు.

ఆ క్షణం ఏదో తెలియాలంటే వేదన దగ్గరికి రావాలి. సంయుత్త నికాయంలోని సల్లత్థ సుత్తంలో రెండు బాణాల పోలిక చాలామంది వినే ఉంటారు. ఒంటికి తగిలిన నొప్పి మొదటి బాణం. దానికి మనసు పడే ఏడుపూ గుండెలు బాదుకోవడమూ రెండోది. సాధన చేసినవాడికి మొదటి బాణం తప్పదు, రెండోది తప్పుతుంది. ఇంతవరకూ అందరూ చెప్తారు. దాని పక్కనే ఉన్న ఇంకో మాటను చెప్పేవాళ్లు తక్కువ. సాధన లేని మనిషి బాధ తగలగానే ఇంద్రియ సుఖం కోసం వెతుక్కుంటాడని, బాధ నుంచి బయటపడటానికి అతనికి అది తప్ప వేరే దారి తెలియదని సుత్తం అంటుంది. మనసు కాస్త చివుక్కుమనగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదకు వెళ్లడం, ఆకలి లేకపోయినా ఫ్రిజ్ తలుపు తీయడం దీనికి అచ్చమైన ఉదాహరణలు. బాధగా ఉన్న వేదన వెనక ప్రతిఘాతం (ఎదురుతిరిగే తోపు), సుఖంగా ఉన్నదాని వెనక రాగం, రెండూ కానిదాని వెనక అవిద్య పొంచి ఉంటాయని కూడా అక్కడే ఉంది. మూడోదే అన్నిటికంటే మోసకారి. ఏమీ జరగట్లేదని తోచే నిస్సారమైన గంటలోనే మనసు ఎక్కువ దూరం కొట్టుకుపోతుంది.

ఇది కూర్చున్నప్పుడు ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూడొచ్చు. బాసింపట్టు వేసుకుని కూర్చుని అరగంట దాటింది. మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైంది. మొదట అక్కడ ఉన్నది వేడి, బిగువు, సూది పొడిచినట్టు ఒక చురుకు. ఇవి మారుతూ ఉంటాయి, ఒక్కోసారి కాసేపు మాయమవుతాయి కూడా. కానీ సాధకుడికి తెలిసేది అది కాదు. అతనికి వినబడేది "ఇంకెంతసేపు?", "కాలికి ఏమన్నా అయిపోతుందేమో", "పక్కాయన కదలకుండా ఎలా కూర్చున్నాడు?". పళ్లు బిగుసుకుంటాయి, భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. బిగువు వల్ల నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిందని భయం పెరుగుతుంది. ఇక్కడ చేయాల్సిన పని చూపును మాటల మీద నుంచి మోకాలికి తేవడం, వేడిని వేడిగా, బిగువును బిగువుగా చూడటం, "ఇది వద్దు" అనే తోపును కూడా విడిగా గుర్తుపట్టడం. మూడూ వేరువేరుగా కనబడ్డప్పుడు నొప్పి తగ్గకపోవచ్చు. దాని చుట్టూ జరుగుతున్న గొడవ మాత్రం తగ్గుతుంది. నిజంగానే కీలుకు దెబ్బ తగిలేలా ఉంటే కాలు మార్చుకోవాలి. అది కూడా ఎరుకతోనే. సంపజాన గుణం ఉండేది అందుకే.

ఆసనం మీద నుంచి లేచాక ఇదే పని ఇంకా కష్టం. కుటుంబం వాట్సాప్ గ్రూపులో బావగారు ఒక మెసేజ్ పెట్టారు. అందులో పేరు లేదు గానీ ఎవరిని అన్నారో అందరికీ తెలుసు. చదవగానే ఛాతీలో వేడి, చెవుల దగ్గర నెత్తురు పొంగినట్టు. వేళ్లు జవాబు టైప్ చేయడం మొదలుపెట్టేశాయి. ఆ వేడికీ వేళ్లకూ మధ్య ఉన్న వ్యవధి రెండు మూడు సెకన్లు ఉంటే ఎక్కువ. దుఃఖం ఒకదాని వల్ల ఒకటిగా ఎలా పుడుతుందో చెప్పే ప్రతీత్యసముత్పాదంలో స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం (గట్టిగా పట్టుకోవడం) అని వరస ఉంది. సాధారణ మనిషి ఆ గొలుసులోకి చెయ్యి పెట్టగలిగిన చోటు వేదనకూ తృష్ణకూ మధ్య ఉన్న సందు. సతిపట్ఠానం మొత్తానికి ఆయువుపట్టు ఇదేనని చెప్పడం అతిశయోక్తి కాదు. తీర్పు లేకుండా చూడాల్సింది ఆ రెండు సెకన్లలోనే. "నాకు కోపం రాకూడదు, నేను ధ్యానం చేసే మనిషిని" అని అనుకున్నామా, అది ఇంకో వేడి. "ఛాతీలో వేడి ఉంది, జవాబివ్వాలని ఉంది" అని చూడగలిగితే వేళ్లు ఆగుతాయి. ఆగాక ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. అక్కడ విచక్షణ కావాలి. జవాబు ఇవ్వడమే సబబు అయితే ఇవ్వాలి కూడా.

చూడటం, అడ్డుకోవడం రెంటికీ పొత్తు కుదిర్చిన పోలిక మజ్ఝిమ నికాయంలోని 19వ సుత్తంలో ఉంది. జ్ఞానోదయానికి ముందు తన ఆలోచనల్ని రెండు కుప్పలుగా విడదీసి చూశానని బుద్ధుడు చెప్తాడు. కామం, ద్వేషం, హింసకు సంబంధించినవి ఒక పక్క, వాటికి విరుద్ధమైనవి ఇంకో పక్క. వానాకాలం చివరి నెలలో చేలలో పంట దట్టంగా ఉన్నప్పుడు పశువుల కాపరి కర్రతో అదిలిస్తూ, కొడుతూ, అటూ ఇటూ మళ్లిస్తూ ఆవుల్ని అదుపులో పెడతాడు. అవి చేలో పడితే దెబ్బలూ జరిమానా తనకే కాబట్టి. చెడు ఆలోచనల విషయంలో తాను చేసింది అలాంటి పనేనంటాడు. అదే ఎండాకాలం చివరి నెలలో, పంటలన్నీ ఊళ్లోకి చేరాక, ఆ కాపరి చెట్టు కిందో బయటో కూర్చుని "అవిగో ఆవులు" అన్న ఎరుకతో ఉంటే చాలు. మంచి ఆలోచనల దగ్గర అంతే చేయాల్సి వచ్చిందట. పాళిలో ఆ చోట వాడిన మాట సతియే. బందెలదొడ్డి ఉన్న ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, కాపరి కర్ర ఎత్తినా ఎత్తకపోయినా ఆవులు ఎక్కడున్నాయో అతనికి తెలిసే ఉంటుంది. రెండు కాలాల్లోనూ మారనిది అదే. తర్వాతి 20వ సుత్తం పీడించే ఆలోచనలకు ఐదు ఉపాయాలు చెప్తుంది. వేరే మంచి విషయం మీదకు మనసు మళ్లించడం, ఆ ఆలోచన వల్ల జరిగే చేటును తలుచుకోవడం, పట్టించుకోకుండా వదిలేయడం, దాన్ని పుట్టిస్తున్న వేగాన్ని నెమ్మది చేయడం. ఏవీ పని చేయకపోతే పళ్లు బిగించి, నాలుక అంగిట్లో ఆనించి మనసును మనసుతోనే అణచడం. ఈ ఐదోదాన్ని చివరి అస్త్రంగా పెట్టడంలో పెద్ద ఔచిత్యం ఉంది. మన దగ్గర చాలామంది దాంతోనే మొదలుపెట్టి, ఓడిపోయి, ధ్యానం తమవల్ల కాదని వదిలేస్తారు.

ఇదంతా మామూలు గృహస్థుల చేతికి వచ్చింది మాత్రం ఇటీవలే. బర్మాలో కూడా ఒకప్పుడు గృహస్థుల ధర్మమంటే ప్రధానంగా దానం, శీలం, భిక్షు సేవ. 1885లో ఎగువ బర్మా బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయాక బుద్ధశాసనం, అంటే బుద్ధుడి బోధ, అంతరించిపోతుందన్న భయం అక్కడి భిక్షువులను కదిలించింది. లెడి సయడో (1846–1923) లాంటివాళ్లు ధ్యానాన్నీ, మనసును విశ్లేషించే బౌద్ధ శాస్త్రమైన అభిధమ్మాన్నీ గృహస్థులకు నేర్పడం మొదలుపెట్టారు. సయడో అంటే బర్మాలో గురువైన భిక్షువు. ఆయన పరంపరలోనే సయా తెజ్జీ అనే రైతు, ఆ రైతు దగ్గర నేర్చుకున్న ఊ బా ఖిన్ అనే ప్రభుత్వ అకౌంట్స్ అధికారి గురువులయ్యారు. ఊ బా ఖిన్ దగ్గర తన మైగ్రేన్ తలనొప్పి కోసం 1955లో చేరిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా. 1969లో ఆయన భారతదేశానికి వచ్చి విపస్సన ధ్యాన శిబిరాలు నడిపారు. ఇగత్‌పురిలో ధమ్మగిరి, హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త, సాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున అనే కేంద్రాలు అలా వచ్చినవే. 10 రోజుల మౌనం, తెల్లవారుజామున 4 గంటలకే గంట, మొదట మూడు రోజులకు పైగా ముక్కు దగ్గర ఊపిరి, ఆపైన తల నుంచి పాదాల దాకా దేహంలో కలిగే సంవేదనల పరిశీలన. ఫీజు లేదు. పాత సాధకుల దానంతో నడుస్తాయి.

మహాసి సయడో (1904–1982) పద్ధతి వేరు. కడుపు పైకి లేస్తుంటే "లేస్తోంది", దిగుతుంటే "దిగుతోంది" అని మనసులో అనుకుంటూ గమనించాలి. ఆలోచన వస్తే "ఆలోచన", దురద వస్తే "దురద". నడుస్తున్నప్పుడు పాదం ఎత్తడం, ముందుకు జరపడం, ఆనించడం. ఈ రెండు పరంపరల మధ్య వేదనకు అర్థం దగ్గర నిజమైన అభిప్రాయభేదం ఉంది. గోయెంకా సంప్రదాయం దాన్ని ముఖ్యంగా దేహంలో తెలిసే సంవేదనగా తీసుకుంటుంది. సుత్తాల్లో మానసికమైన వేదన కూడా స్పష్టంగా ఉంది కాబట్టి ఆ అర్థం కాస్త ఇరుకైనదే. అయినా కోపం ఛాతీలో వేడిగా దొరికినంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు కనుక సాధనలో దానికి బలముంది. రెంటికీ జారిపోయే చోట్లు కూడా ఉన్నాయి. మొదటి దాంట్లో ఒళ్లంతా జలజలమంటే ధ్యానం బాగా కుదిరిందని, లేకపోతే పాడైందని లెక్కలు వేసుకోవడం మొదలవుతుంది. ఆ సుఖసంవేదన మీద మోజు పడొద్దని గోయెంకాయే పదే పదే హెచ్చరించారు. రెండో దాంట్లో పేర్లు పెట్టడం జపంలా మారి, చూడటం ఆగిపోతుంది.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబట్-జిన్ ఈ సాధనల్లోంచి కొన్నిటిని తీసుకుని దీర్ఘకాలిక నొప్పులు, ఒత్తిడి ఉన్న రోగుల కోసం 8 వారాల కార్యక్రమం తయారుచేశారు. ఇవాళ యాప్‌లలో, ఆఫీసుల్లో కనిపించే మైండ్‌ఫుల్‌నెస్‌లో చాలా భాగం ఆ దారిన వచ్చినదే. రెండో బాణం తీసేయడానికి అది నిజంగా సాయపడుతుంది. నొప్పితో ఏళ్ల తరబడి బతికేవాళ్లకు అది చిన్న సాయం కాదు. కానీ ఆసుపత్రి నుంచి ఆఫీసుకు చేరేసరికి ఒక ముక్క రాలిపోయింది. సంయుత్త నికాయంలో ఒక భిక్షువు సంక్షిప్తంగా ఉపదేశించమని అడిగితే, ముందు మొదలు శుభ్రం చేసుకో, శుద్ధమైన శీలం, తిన్నని దృష్టి ఉండాలి, ఆ తర్వాత నాలుగు సతిపట్ఠానాలు సాధన చెయ్యి అంటాడు బుద్ధుడు. ఎరుక తప్పుదారి పట్టగలదని, మిచ్ఛాసతి అనేదొకటి ఉందని కూడా గ్రంథాలే చెప్తాయి. పని గంటలు న్యాయంగా లేని ఆఫీసు ఉద్యోగులకు ఊపిరి చూసుకోమని వర్క్‌షాప్ పెట్టడం సమస్యను ఉద్యోగి ఊపిరితిత్తుల్లోకి తోసేయడమే. అక్కడ తిన్నని దృష్టి అవసరమైంది యజమానికి.

లోపలికి చూడటం అందరికీ అన్ని వేళలా మేలే చేస్తుందన్న నమ్మకం కూడా పాత గ్రంథాల్లో లేదు. వైశాలిలో బుద్ధుడు దేహంలోని అశుభాన్ని ధ్యానించమని చెప్పి రెండు వారాలు ఏకాంతానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి దేహం మీద రోత పెరిగిపోయి చాలామంది భిక్షువులు ప్రాణాలు తీసుకున్నారని సంయుత్త నికాయం, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం రెండూ నమోదు చేశాయి. సంఘం ఇలా పలచబడిందేమని ఆయన అడిగి తెలుసుకుని, మిగిలినవాళ్లకు ప్రశాంతమైన ఆనాపానసతిని నేర్పాడు. ఇంత బాధాకరమైన సంగతిని దాచకుండా రాసిపెట్టిన సంప్రదాయం ఇది. తీవ్రమైన డిప్రెషన్, పాత గాయాల తాలూకు భయాలు, భ్రమలు ఉన్నవాళ్లు 10 రోజుల మౌన శిబిరానికి నేరుగా వెళ్లడం మంచిది కాదు. డాక్టరుతో మాట్లాడాలి, మందులు సొంతంగా ఆపకూడదు, దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు దాచకుండా జవాబివ్వాలి.

తనను తాను గమనించుకోవడం ఒంటరి పని కాదని చెప్పే ఉపదేశం మజ్ఝిమ నికాయంలో 61వది. అది బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పింది. అప్పటికి పిల్లవాడికి ఏడేళ్లని అట్ఠకథ అంటుంది. అద్దం దేనికి అని అడిగి, చూసుకోవడానికి అని రాహులుడు చెప్పాక, ఒంటితో, మాటతో, మనసుతో చేసే ప్రతి పనినీ మూడుసార్లు చూసుకోమంటాడు. చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక. తనకో ఎదుటివాళ్లకో ఇద్దరికీనో హాని అని తేలితే, ముందైతే చేయకూడదు, మధ్యలో అయితే ఆపేయాలి. చేసేశాక తెలిస్తే ఏం చేయాలన్న చోట మాత్రం ఒక తేడా ఉంది. చేసింది తప్పుడు పనో, అన్నది తప్పుడు మాటో అయితే గురువు దగ్గరో, తెలివైన తోటివాళ్ల దగ్గరో ఒప్పుకోవాలి, ఇకమీదట జాగ్రత్తపడాలి. తప్పు మనసులోనే జరిగి ఉంటే ఎవరికీ చెప్పమనలేదు. దానికి సిగ్గుపడి, రోసి, మళ్లీ రాకుండా చూసుకోమన్నాడు. మంచిదే చేశానని తేలినప్పుడు ఏం చేయాలో కూడా ఆ పిల్లవాడికి చెప్పాడు. ఆ సంతోషంతో ఉండు, రాత్రీ పగలూ మంచి గుణాల్లో నేర్చుకుంటూ ఉండు అని.